చాబీ ఎవరి అమానత్?

మా అబ్బా పోయి మూడేళ్ళయింది. ఆయన కారు మాత్రం నాగారంలో మా ఇంటి ముందు వేపచెట్టు కింద అలాగే ఉంది. 2006 మోడల్ చిన్న కారు. ఇప్పటికీ ఏపీ 28 నంబరే. అమ్మేద్దామని రెండుసార్లు మాటెత్తాను, అమ్మీ జవాబే చెప్పలేదు. ఆమె జవాబు చెప్పలేదంటే ఆ మాట అక్కడితో ఖతం అని మా ఇంట్లో అందరికీ తెలుసు. జుమ్మా రోజు నేనే దాన్ని స్టార్ట్ చేసి, ఈసీఐఎల్ చౌరస్తా దాకా పోయి వచ్చి, మళ్ళీ చెట్టుకిందే నిలబెడతాను.

అబ్బాకి ఒక ఆదత్ ఉండేది. ఇషా నమాజ్ చదువుకుని వచ్చాక వరండాలో నిలబడి రిమోట్ బటన్ నొక్కేవాడు. కారు ఇండికేటర్లు ఒకసారి మెరిసేవి, నాలుగు డోర్ల లాకులూ టక్‌మని పడేవి. అది విన్నాకే లోపలికి వచ్చేవాడు. ఆయన పోయాక ఆ పని అమ్మీ చేస్తోంది. ఏ రోజూ మానలేదు.

మొన్న ఎండాకాలం ఒక సాయంత్రం బటన్ నొక్కితే కారు పలకలేదు. మా చెల్లె కొడుకు సెలవులకు వచ్చి రిమోట్‌ని బొమ్మలా రోజంతా టిక్కుటిక్కుమని నొక్కుతూ తిరిగిన సంగతి అప్పుడు యాదికొచ్చింది. బ్యాటరీ మార్చాను, ఫాయిదా లేదు. మర్నాడు మామూలు చాబీతో డోర్ తీశాను. తీశానో లేదో అలారం మొదలైంది. గల్లీ మొత్తం బయటికొచ్చి నా వైపు చూస్తుంటే, నా సొంత కారు దగ్గర నేనే దొంగలా నిలబడ్డాను.

ఒక సర్వీస్ సెంటర్‌కి పోయాను. కౌంటర్ మీద అబ్బాయి కంప్యూటర్‌లో చూసి, ఈ మోడల్‌కి రిమోట్ ఇప్పుడు రాదు, లాక్ సెట్ మొత్తం మార్చాలి అన్నాడు. రేటు చెప్పాడు. ఆ కారుని అమ్మితే అంత వస్తుందా అని షక్ పడేంత రేటు. "ఇదే రిమోట్‌ని మళ్ళీ కారుకి కలపలేమా?" అని అడిగాను. "ఆ ప్రొసీజర్ కస్టమర్లకు చెప్పం సార్" అన్నాడు.

తెలీదు అని ఉంటే నేను ఊరుకునేవాణ్ణి. చెప్పం అన్నాడు. ఇరవయ్యేళ్ళుగా అఖ్బార్లలో పనిచేస్తున్నవాడికి ఆ మాట వినపడితే నిద్ర పట్టదు. కాబట్టి ఈసారి ఇక్కడ చాబీ తారీఖ్ రాస్తున్నాను. తారీఖ్ అంటే మీకు తేదీ. ఉర్దూ మీడియంలో చదివిన మాకు తేదీ కూడా, చరిత్ర కూడా.

ముందు ఆ మాట సంగతే చూడండి. మేం చాబీ అంటాం. అది ఉర్దూదీ కాదు, ఫార్సీదీ కాదు. పోర్చుగీసు వాళ్ళ ‘చావె’. ఓడల మీద వచ్చి గోవాలో దిగి, హిందుస్తాన్ అంతా తిరిగింది. తమిళంలో సావి, కన్నడంలో చావి అయింది. మన తాళంచెవిలోని ‘చెవి’ కూడా ఆ చావేనని, తెలుగు నోట్లో పడి చెవిగా మారిందని చెప్పేవాళ్ళున్నారు. దానికి ముందు తెలుగులో కుంచెకోల అనే మాట ఉండేది, ఇప్పుడు నిఘంటువుల్లోనే కనిపిస్తుంది. ఉర్దూలో కుంజీ ఉంది, సంస్కృతం కుంచిక నుంచి. ఫార్సీలో కలీద్, దాని మూలం గ్రీకు. మా స్కూలు రోజుల్లో గైడు పుస్తకాల మీద ‘కలీద్-ఎ-కామ్యాబీ’ అని రాసి ఉండేది, గెలుపుకి తాళంచెవి అని. అరబ్బీలో తాళం ఖుఫుల్, చాబీ మిఫ్తాహ్. ఇన్ని జబాన్లు కలిస్తేగానీ మన ఇంటి తలుపు తెరుచుకోలేదు.

మన ఊళ్ళో తాళం సంగతి అంటే ముందు గుర్తుకు రావాల్సింది గోల్కొండ. 1687లో ఔరంగజేబు ఫౌజ్ ఆ ఖిల్లాని దాదాపు ఎనిమిది నెలలు ముట్టడించింది. ఫిరంగులు పేల్చారు, సురంగాలు తవ్వారు, గోడ లొంగలేదు. చివరికి సెప్టెంబర్‌లో ఒక రాత్రి లోపలి నుంచే ఒక చిన్న ద్వారం తెరుచుకుంది. మనం ఖిడ్కీ అంటామే, అటువంటిది. తెరిపించినవాడు అబ్దుల్లా ఖాన్ పన్నీ, అబుల్ హసన్ తానాషా కొలువులోని సర్దారే. అదే రాత్రి అబ్దుల్ రజాఖ్ లారీ ఒళ్ళంతా గాయాలయ్యేదాకా ఒంటరిగా కొట్లాడాడు. ఇద్దరూ ఒకే ఉప్పు తిన్నవాళ్ళు. గోల్కొండ గేట్ల మీద ఏనుగులు గుద్దకుండా దిగ్గొట్టిన ఇనుప ముళ్ళు ఇప్పటికీ చూడొచ్చు. ఆ ముళ్ళన్నీ బయటివాళ్ళ కోసం పెట్టినవి. లోపల చాబీ ఉన్నవాడి కోసం పెట్టిన ముల్లు ఒక్కటీ లేదు.

అందుకే మనవాళ్ళు చాబీని అమానత్ అన్నారు. అమానత్ అంటే ఒకరు నమ్మి మన దగ్గర ఉంచిన వస్తువు. అది మన చేతిలో ఉంటుంది, మనది కాదు. అమ్మీ ఇప్పటికీ బండి చాబీ ఇచ్చేటప్పుడు "కిసీకే హాత్ మే నక్కో దేవ్ బాబా, అమానత్ హై" అంటుంది.

ఇనుప తాళాల కాలంలో చాబీ పోతే ఏం చేసేవాళ్ళం? సర్దార్జీ కోసం చూసేవాళ్ళం. పెద్ద ఇనుప రింగుకి వందల చాబీలు గుచ్చుకుని గల్లీల్లో గలగలమనిపిస్తూ తిరిగే సిక్లీగర్ సిక్కులు మీలో చాలామందికి యాదుండే ఉంటారు. ఆ పేరు వెనక మా మాట ఉంది. అరబ్బీలో సఖ్ల్ అంటే మెరుగు పెట్టడం, ఫార్సీలో సైఖల్‌గర్ అంటే కత్తులకి మెరుగు పెట్టేవాడు. అదే సిక్లీగర్ అయింది. కత్తులు, బల్లేలు, బందూకులు చేసిన చేతులవి. బ్రిటిష్ ఇండియాలో 1878 ఆయుధ చట్టం వచ్చాక ఆ హునర్‌కి గిరాకీ పడిపోయింది. కత్తి పట్టిన చేతులు ఆకురాయి పట్టి బకెట్లు, బాణలీలు, చాబీలు చేశాయి.

వాళ్ళ పని నేను చిన్నప్పుడు గంటలకొద్దీ చూసేవాణ్ణి. ఖాళీ చాబీని తాళంలో పెట్టి తిప్పుతారు. లోపలి లివర్లు దాని మీద సన్నని గీతలు వేస్తాయి. గీత పడిన చోట ఆకురాయితో రాస్తారు. మళ్ళీ పెట్టి తిప్పుతారు. పదిసార్లు తిప్పితే తాళం తన రహస్యం తనే చెప్పేస్తుంది. ఎవరి ఇజాజత్ అక్కర్లేదు, ఏ కంపెనీకీ ఫోన్ చేయనక్కర్లేదు. అలీగఢ్ తాళమైనా సరే, 1897లో బొంబాయిలో అర్దేశిర్ గోద్రెజ్ మొదలుపెట్టిన కంపెనీ తాళమైనా సరే. తాళం ఎక్కడ తయారైనా దాన్ని తెరిచే ఇల్మ్ బజార్లో ఉండేది.

ఆ ఇల్మ్‌తో దొంగతనం చేయొచ్చు కదా అంటారా? చేయొచ్చు. కానీ అతను మీ గల్లీలోకి పట్టపగలు వచ్చేవాడు, మీ ఎదురుగా కూర్చుని చేసేవాడు, చుట్టూ పదిమంది పిల్లలు చూస్తుండేవారు. ఆ చూపులే కాపలా.

ఇక కార్ల సంగతి. 1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ మొదటి మారుతి 800 చాబీని హర్పాల్ సింగ్ అనే ఆయన చేతిలో పెట్టారు. ఆ ఫోటో చాలామంది చూసే ఉంటారు. మన మధ్యతరగతి కారు కథ ఒక చాబీ చేతులు మారడంతోనే మొదలైంది. అది ఉత్త ఇనుప చాబీ. సిక్లీగర్ పావుగంటలో ఇంకోటి చేసిచ్చేవాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే బయటి దేశాల్లో చాబీకి ఇనుముతో పని తప్పించే పని మొదలైంది. 1980లో ఫోర్డ్ కంపెనీ అమెరికాలో కొన్ని కార్ల డోరు మీద ఐదు బటన్లు పెట్టింది. మీ నంబరు నొక్కితే డోరు తెరుచుకుంటుంది. కొత్త సంగతేం కాదనుకోండి. దియార్‌బకర్‌లో అర్తుఖీ సుల్తాన్ల కొలువులో పనిచేసిన ఇంజనీరు అల్-జజరీ 1206లో పూర్తిచేసిన తన యంత్రాల కితాబులో, అక్షరాలున్న చక్రాలు తిప్పి తెరిచే పెట్టె తాళం ఒకటి వివరించాడు. చాబీ చేతిలో కాదు, దిమాగ్‌లో ఉంటుందన్న ఖయాల్ అప్పటిదే.

రిమోట్ మాత్రం నిజంగా కొత్తది. 1980ల మొదట్లో ఫ్రాన్స్‌లో రెనో కంపెనీ ఫ్యూగో కారుతో అది వచ్చింది. టీవీ రిమోట్‌లాగే కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురుతో పనిచేసేది. దాన్ని తయారుచేసిన పాల్ లిప్‌షుట్జ్ పేరులోని అక్షరాలు కలిపి ఫ్రెంచివాళ్ళు ఇప్పటికీ కారు రిమోట్‌ని ‘ప్లిప్’ అంటారు. తర్వాత వెలుతురు పోయి రేడియో వచ్చింది. మన దగ్గరి కార్ల రిమోట్లు ఎక్కువగా 433.92 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడతాయి, అమెరికా, జపాన్ కార్లు 315 మీద. అమెరికా నుంచో జపాన్ నుంచో తెచ్చిన రిమోట్ అచ్చం అలాగే కనిపించినా ఇక్కడ పనిచేయకపోవడానికి ఇదొక కారణం. ఆన్‌లైన్‌లో పాత రిమోట్ కొనేవాళ్ళు ముందు చూసుకోవాల్సింది ఇదే.

మొదటి రేడియో రిమోట్లు పాపం బహుత్ సీదా. ఎన్నిసార్లు నొక్కినా ఒకే మాట చెప్పేవి. లోపల బుల్లి స్విచ్‌లు, ఒక్కోటి పైకో కిందికో. పన్నెండు స్విచ్‌లుంటే 4,096 రకాల కోడ్లు, అంతే. పార్కింగ్‌లో నక్కిన దొంగ ఒక చిన్న రిసీవర్ పెట్టి మీ రిమోట్ మాట ఒక్కసారి రికార్డు చేసుకుంటే చాలు. మీరు సినిమాలో ఉండగా అదే మాట వినిపిస్తే కారు మీ గొంతే అనుకుని తెరుచుకుంటుంది.

దీనికి జవాబు దక్షిణాఫ్రికా నుంచి వచ్చింది. 1980లలో ప్రిటోరియా విశ్వవిద్యాలయానికి చెందిన గిడియన్ కూన్ ఒక సైఫర్ తయారుచేశాడు. నానోటెక్ కంపెనీలో విల్లెం స్మిట్ దాన్ని చిప్‌లోకి ఎక్కించాడు. పేరు కీలాక్. 1995లో అమెరికా కంపెనీ మైక్రోచిప్ కోటి డాలర్లు పెట్టి కొన్నది. ఈ చిప్ ప్రతిసారీ కొత్త మాట చెబుతుంది. ఒకసారి చెప్పిన మాట మళ్ళీ చెల్లదు. రోలింగ్ కోడ్ అంటే ఇదే.

అన్నట్టు సైఫర్ అనే మాట మా సిఫర్. సంస్కృతం శూన్యం అరబ్బీలో సిఫ్ర్ అయింది, యూరప్ పోయి సున్నా పేరుగా తిరిగి, చివరికి రహస్య లిపి పేరై కూర్చుంది. తొమ్మిదో శతాబ్దంలో బగ్దాద్‌లో అల్-కిందీ, రహస్య లిపిలో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టి దాన్ని విప్పే పద్ధతి రాసిపెట్టాడు. మా లెక్కల సార్ నా పేపర్ మీద సిఫర్ వేసినప్పుడు దానికింత ఖాన్‌దాన్ ఉందని తెలిసుంటే కొంచెం తక్కువ ఏడ్చేవాణ్ణి.

రోలింగ్ కోడ్ ఎలా నడుస్తుందో నాకు అర్థమయ్యేలా చెప్పింది మా పక్కింటి అంకుల్. మా నాగారం, దమ్మాయిగూడ, కుషాయిగూడ అంతా 1967లో పుట్టిన ఈసీఐఎల్ నీడలో పెరిగిన బస్తీలు. గల్లీకొకరు సోల్డరింగ్ ఐరన్ పట్టిన రిటైర్డ్ టెక్నీషియన్ దొరుకుతారు. అంకుల్ కూడా ఎలక్ట్రానిక్స్‌లో జీవితం గడిపిన మనిషి. అబ్బా రిమోట్‌ని విప్పి, కళ్ళద్దాలు నుదుటి మీదికి జరుపుకుని చూశారు.

"రెండు జబ్బులున్నాయి బాబూ. లాక్ బటన్ కింద మైక్రోస్విచ్ అరిగిపోయింది, అది నేను మారుస్తా. రెండోది నా చేతిలో లేదు. ఇది లెక్క తప్పింది."

ఆయన చెప్పింది ఇదీ. రిమోట్‌లో ఒక లెక్క ఉంటుంది, కారులో కూడా అదే లెక్క ఉంటుంది. నొక్కినప్పుడల్లా రిమోట్ ఒక అంకె ముందుకు పోతుంది. తన సీరియల్ నంబరు, ఆ అంకెని సైఫర్‌లో చుట్టి పంపుతుంది. కారు విప్పి చూసి, తను చివరగా విన్న అంకె కన్నా ఇది ముందుదేనా అని సరిచూసుకుంటుంది. పాత అంకె వస్తే దొంగ అనుకుంటుంది. కొంచెం ముందు అంకె వస్తే, యజమాని జేబులో బటన్ నొక్కుకుని ఉంటుందిలే అని మాఫ్ చేస్తుంది. మైక్రోచిప్ వాళ్ళ మామూలు పద్ధతిలో పదహారు అంకెల దాకా వెంటనే ఒప్పుకుంటుంది. అంతకు మించితే వరసగా రెండుసార్లు నొక్కించి నమ్ముతుంది. 32 వేలకు పైగా ముందుకు పోతే ఇక నమ్మదు. ఈ హద్దు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది, కొన్నిటిలో చాలా చిన్నది. కారు వినపడనంత దూరంలో పిల్లవాడు నొక్కుతూ పోతే రిమోట్ ముందుకు పోతుంది, కారు వెనకే ఉండిపోతుంది. అప్పుడు ఇద్దరికీ మళ్ళీ పరిచయం చేయాలి.

"ఆ పరిచయం చేయడాన్నే ప్రోగ్రామింగ్ అంటారు. పెద్ద విద్య కాదు. పద్ధతి తెలియాలి, అంతే" అన్నారు అంకుల్.

అంతా బాగుంది కదా, మరి ఈ రహస్యం నిలిచిందా? నిలవలేదు. కీలాక్ నడిచే తీరుని చాలాకాలం కంపెనీ రహస్యంగా ఉంచారు. ఆ వివరాలు బయటికి పొక్కాక, 2007లో బెల్జియం, ఇజ్రాయెల్ పరిశోధకులు కలిసి సైఫర్‌లోనే బలహీనత ఉందని చూపించారు. 2008లో జర్మనీలోని బోహుమ్ రూర్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇంకో దారిలో వెళ్ళారు. చిప్ పనిచేసేటప్పుడు అది వాడుకునే కరెంటులోని హెచ్చుతగ్గులు కొలిచి, రిసీవర్‌లో దాచిన తయారీదారు చాబీని బయటికి లాగారు. ఇక్కడే గోల్కొండ మళ్ళీ వస్తుంది. ప్రతి రిమోట్ చాబీ వేరే అయినా, ఒక తయారీదారు రిమోట్ల చాబీలన్నీ ఒకే పెద్ద చాబీ నుంచి పుట్టేవి. ఆ పెద్ద చాబీ ప్రతి రిసీవర్‌లోనూ ఉండేది. అది దొరికితే, మీ రిమోట్ మాటలు రెండు విని నకలు చేసుకోవచ్చు. గోడ ఎంత మందమైతే ఏం, ఖిడ్కీ ఒక్కటే.

1883లోనే కెర్క్‌హాఫ్స్ అనే పండితుడు ఒక ఉసూల్ చెప్పాడు. తాళం నడిచే తీరు శత్రువుకి తెలిసినా ఫరక్ పడకూడదు, చాబీ ఒక్కటే రహస్యంగా ఉండాలి అని. పద్ధతిని దాచిపెట్టి దాన్నే భద్రత అనుకోవద్దని దాని సారం. సర్వీస్ సెంటర్ కౌంటర్ మీద అబ్బాయికి ఈ ఉసూల్ ఎవరూ చెప్పినట్టు లేదు.

అయితే ఒక మాట ఇన్సాఫ్‌గా చెప్పాలి. డోరు తెరవడం వేరు, ఇంజన్ నడపడం వేరు. చాలా కార్లలో చాబీ తలలో ఇంకో చిప్ ఉంటుంది. ఇగ్నిషన్ దగ్గర అది సరైన జవాబు చెబితేనే ఇంజన్ కదులుతుంది. ఇమ్మొబిలైజర్ అంటారు. 1998 నుంచి యూరప్‌లో కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి చేశారు, కారు చోరీలు తగ్గాయి. దాన్ని ప్రోగ్రామ్ చేసే పద్ధతిని ఊరందరికీ పంచమని నేనూ అనను. కానీ డోర్ల రిమోట్ సంగతి వేరు. దాన్ని నేర్పాలంటే ముందు అసలు చాబీ చేతిలో ఉండాలి, కారు లోపల కూర్చుని ఉండాలి. అంటే కొత్త చాబీకి పాత చాబీ జమానత్ ఇస్తుంది. మన గల్లీలో కొత్తగా అద్దెకొచ్చినవాడికి పాతవాడు జమానత్ ఇచ్చినట్టే. ఇందులో దాచాల్సిందేముంది?

అంకుల్ మైక్రోస్విచ్ మార్చి ఇచ్చాక, కీసర రోడ్డు మీద చాబీలు చేసే ఒక దుకాణానికి పోయాను. చిన్న డబ్బా కొట్టు. లోపల చాబీలు కోసే మెషిన్, ఒక లాప్‌టాప్. కూర్చున్నది పాతికేళ్ళ సర్దార్ పిల్లగాడు. వాళ్ళ తాత రింగు పట్టుకుని సైకిల్ మీద తిరిగేవాడట. ఆ రింగు కొట్లో మేకుకి వేలాడుతోంది. అమ్మకానికి కాదన్నాడు.

కారు చూసి అతను అడిగిన మొదటి మాట ఇది: "అన్నా, రిమోట్లు మొత్తం ఎన్నున్నయ్? అన్నీ తెచ్చిన్రా?"

"ఒక్కటే ఉంది. ఎందుకు?"

"గీ బండ్లు ఒక్కపాలి నేర్సుకునుడు మొదలువెట్టినయంటే పాతయన్నీ మర్శిపోతయ్. గప్పుడు చేతులున్నయే యాదుంటయ్. ఇంట్ల ఇంకోటి మర్శి వచ్చిన్రనుకో, అది ఇగ చెత్తనే."

కారుకి కూడా యాద్ ఉంటుందని, దానికి నాలుగు గదులుంటాయని, చాలా మోడళ్ళలో నాలుగు రిమోట్ల కన్నా ఎక్కువ పట్టవని అతను చెప్పాడు. ఇంకో రిమోట్ ఉంటే మంచిదని కొత్తదొకటి ఇచ్చాడు. లోపల ఏ చిప్ ఉందో, ఏ ఫ్రీక్వెన్సీయో పాతదానితో పోల్చి చూశాకే ఇచ్చాడు. పైన డిజైన్ చూసి కొంటే మోసపోతామన్నాడు.

తర్వాత నన్నే డ్రైవర్ సీట్లో కూర్చోమన్నాడు. డోర్లన్నీ మూశాం. అతను చెప్పినట్టు చాబీని వరసగా, గబగబా ఆన్ ఆఫ్ చేశాను. మొదటిసారి నెమ్మదిగా చేశానేమో, ఏం కాలేదు. రెండోసారి నాలుగు డోర్ల లాకులూ వాటంతటవే టకటకమని పడి లేచాయి. "ఇన్నది అన్నా. ఇగ నొక్కు" అన్నాడు. అబ్బా రిమోట్ నొక్కాను. కారు టక్‌మని జవాబిచ్చింది. కొత్త రిమోట్ నొక్కాను, మళ్ళీ జవాబిచ్చింది. చాబీ బయటికి తీశాను. అంతే. రెండు నిమిషాలు పట్టలేదు.

ఎన్నిసార్లు తిప్పాలో ఇక్కడ రాయడం లేదు. దాచడానికి కాదు, ఒక్కో మోడల్‌కి ఒక్కో లెక్క కాబట్టి. కొన్నిటిలో డోర్ లాక్ స్విచ్‌తో చేస్తారు, బయట బిగించిన అలారం కిట్లలో డ్యాష్‌బోర్డు కింద దాచిన చిన్న బటన్ నొక్కుతారు, కొన్నిటికి స్టీరింగ్ కింది సాకెట్‌కి మెషిన్ తగిలించాల్సిందే. మీ కారు మాన్యువల్ ఉంటే ముందు అది తీసి చూడండి.

డబ్బులిస్తుంటే ఆ పిల్లగాడు ఒక మాట అన్నాడు. "మీరు సెకండ్ హ్యాండ్‌ల కొన్నరు గదా అన్నా. మొదటి ఓనర్ తాన ఇంకో రిమోట్ ఉన్నా, అది గూడ ఇయ్యాల్టి సంది పనిజెయ్యది."

నేను అక్కడే నిలబడిపోయాను.

అబ్బా 2010లో ఆ కారు కొన్నప్పుడు అమ్మినాయన ఒకే చాబీ, ఒకే రిమోట్ ఇచ్చాడు. రెండోది పోయిందన్నాడు. నిజమే అయి ఉండొచ్చు. కానీ అబ్బా దిల్‌లో ఆ షక్ ఎప్పటికీ పోలేదు. ఎవడి చేతిలోనో మన కారు తెరిచే రిమోట్ ఒకటి ఉందని. అందుకే ప్రతి రాత్రీ స్టీరింగ్‌కి ఇనుప రాడ్ తాళం బిగించేవాడు. వాన పడుతున్నా సరే, ఒంట్లో బాగాలేకపోయినా సరే. ఆఖరి రోజుల్లో మోకాళ్ళు పట్టేసి వంగలేకపోతే నన్ను పిలిచి బిగింపించేవాడు. నేను విసుక్కునేవాణ్ణి. ఇషా తర్వాత వరండాలో నిలబడి లాకుల టక్ వినడం ముద్దుకి కాదు, ఫికర్‌తో. ఆ ఫికర్ తీరడానికి కావాల్సింది రెండు నిమిషాల పని. ఏళ్ళపాటు ఎన్నిసార్లు సర్వీసింగ్‌కి ఇచ్చామో, ఒక్కరూ ఆ మాట చెప్పలేదు. మేమూ అడగలేదు, అడగొచ్చని తెలిస్తే కదా.

నా ఫిర్యాదు ఇదే. సిక్లీగర్ కాలంలో తాళం బలహీనం, కానీ దాని ఇల్మ్ అందరికీ అందేది. ఇప్పుడు తాళం బలమైంది, ఇల్మ్‌కి కూడా తాళం పడింది. కారు నాది, రిజిస్ట్రేషన్ నా పేరున ఉంది, కానీ అది ఎవరెవరిని గుర్తుపడుతుందో నాకు చెప్పరు.

ఈ దర్ద్ నా ఒక్కడిదే కాదు. మన దేశంలో కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. స్పేర్ పార్టులు, జబ్బు పట్టే డయాగ్నస్టిక్ పరికరాలు బయటి మెకానిక్కులకు అందనివ్వడం లేదని, దానివల్ల కారు కొన్నవాళ్ళు కట్టుబానిసలవుతున్నారని ఆ కేసు సారాంశం. కంపెనీలు అప్పీళ్ళకు వెళ్ళాయి. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం ఓటర్లు 2012లో కార్ల రిపేరు హక్కు చట్టానికి ఓటేశారు. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది, అందులో వాహనాలు కూడా ఒక విభాగం. పోర్టల్ తెరవడం మంచిదే. కీసర రోడ్డు మీది డబ్బా కొట్టు దాకా ఆ హక్కు రావాలి. ఆ పిల్లగాడు ఒక్కో మోడల్ పద్ధతిని తన నోట్‌బుక్‌లో చేత్తో రాసుకున్నాడు, కంపెనీ ఇవ్వలేదు కాబట్టి. తాత ఆకురాయితో గీతలు చదివినట్టు మనవడు కార్లను చదువుతున్నాడు.

పాత కారు కొనే దోస్తులకు నాలుగు మాటలు. ఎన్ని చాబీలు, ఎన్ని రిమోట్లు ఇచ్చారో కాగితం మీద రాయించుకోండి. చాబీ నంబరున్న చిన్న రేకు ముక్క ఉంటే అడిగి తీసుకోండి, దాన్ని కారులో పెట్టకండి. కొన్న వారంలోపే రిమోట్ల యాద్ మొత్తం తుడిపించి, మీ చేతిలో ఉన్నవాటినే మళ్ళీ నేర్పించండి. చేసేటప్పుడు మీరే సీట్లో కూర్చోండి. అమ్మేటప్పుడు బీరువా మూలనున్న రెండో రిమోట్ కూడా వెతికి ఇచ్చేయండి. కారు అమ్మినాక అది మీది కాదు, అమానత్.

ఆ రోజు ఇంటికొచ్చేసరికి మగ్రిబ్ అయింది. అమ్మీకి రెండు రిమోట్లూ చూపించి, కొత్తది తీసుకోమన్నాను, బటన్లు మెత్తగా ఉన్నాయని. ఆమె రెంటినీ చేతిలో పెట్టుకుని చూసి, కొత్తది నాకు తిరిగిచ్చింది. మొదటి ఓనర్ సంగతి కూడా చెప్పాను. ఇక ఎవరి దగ్గరా మన కారు తెరిచే రిమోట్ లేదని, అబ్బా ఫికర్ తీరిపోయిందని. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఉన్కో బోల్నా థా నా" అంది. ఆయనకి చెప్పి ఉండాల్సింది కదా అని.

ఇషా తర్వాత వరండాలోంచి టక్‌మని వినపడింది. ఆమె లోపలికి వచ్చి రిమోట్‌ని ఎప్పటిలాగే అబ్బా కళ్ళద్దాల డబ్బా పక్కన పెట్టింది. స్టీరింగ్‌కి రాడ్ తాళం వేయాలా అని అడిగాను. వెయ్యి, అంది. వెళ్ళి వేసొచ్చాను.